కొండలూ నదులూ చుట్టాలైన దీవి: న్యూజిలాండ్ ఉత్తర ద్వీపంలో మా ప్రయాణం

న్యూజిలాండ్ వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా దక్షిణ ద్వీపానికే పరిగెడతారు. మంచుకొండలు, క్వీన్స్‌టౌన్ సరస్సు ఫొటోలు అక్కడివే మరి. మేం మాత్రం పట్టుబట్టి ఉత్తర ద్వీపాన్ని ఎంచుకున్నాం. ఆ దేశపు తొలి మనుషులైన మావోరీల్లో అత్యధికులు ఉండేది ఇక్కడే. చుక్కల్నీ అలల్నీ పక్షులు పోయే దారినీ చూసుకుంటూ, పసిఫిక్ మహాసముద్రం మీద పడవల్లో, దాదాపు 700 ఏళ్ళ కిందట వాళ్ళు ఈ నేలకు చేరారు. మన ఓరుగల్లులో రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ఏలిన కాలానికి అటూ ఇటుగా. అంటార్కిటికాను పక్కన పెడితే, ప్రపంచంలోని పెద్ద భూభాగాల్లో మనిషి అన్నిటికంటే ఆలస్యంగా అడుగుపెట్టిన చోటు ఇదే. ఆ మనుషుల్ని, వాళ్ళ నేలను చూడాలనే వెళ్ళాం.

మా చెల్లెలి కుటుంబం ఆక్లాండ్‌లో ఉంటుంది. ఫిబ్రవరి చివర, అంటే అక్కడి వేసవిలో వెళ్ళాం. కారు మా మరిది నడిపాడు. మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడపాలి కాబట్టి అద్దె కారు తీసుకున్నా పెద్ద టెన్షన్ ఉండదు.

మొదటి రోజు: ఆక్లాండ్

విమానాశ్రయంలో బయోసెక్యూరిటీ తనిఖీని తేలిగ్గా తీసుకోకండి. తినే వస్తువు ఏది తెచ్చినా డిక్లరేషన్‌లో రాయాలి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. మేం ఆవకాయ, కందిపొడి రాసి చూపించాం. ప్యాకింగ్ చూసి పంపేశారు. పాలతో, నెయ్యితో చేసిన స్వీట్లు, తేనె, పళ్ళు పట్టుకెళ్ళకపోవడమే మంచిది. అంత పట్టుదల ఎందుకో అర్థం చేసుకోవాలి. మనుషులు రాకముందు గబ్బిలాలు తప్ప నేలమీద బతికే క్షీరదమే లేని దీవులివి. మనుషుల వెంట వచ్చిన ఎలుకలు, స్టోట్లు, పోసమ్‌లు ఎన్నో పక్షి జాతుల్ని తుడిచిపెట్టేశాయి. ఇంకే కొత్త పురుగూ తెగులూ రాకూడదని వాళ్ళ తాపత్రయం.

ఆక్లాండ్ నగరం 50కి పైగా అగ్నిపర్వతాల మీద కూర్చుని ఉంది. 328 మీటర్ల స్కై టవర్ పైకి వెళ్ళాం, చూశాం, దిగాం. పెద్ద నగరాల్లో అలాంటివి ఎక్కడైనా ఉంటాయి. నేను మీకు చెప్పదలచుకున్నది మౌంగాఫౌ కొండ గురించి. ఎత్తు 196 మీటర్లే. పైన 50 మీటర్ల లోతున గిన్నె ఆకారంలో పచ్చగడ్డి పరుచుకున్న అగ్నిబిలం. అందులోకి దిగడం నిషేధం, అది పవిత్రస్థలం. కొండ ఒంటి నిండా మెట్లు మెట్లుగా చదును చేసిన నేల కనిపిస్తుంది. అవి ఒకప్పటి మావోరి కోట గుర్తులు, చిలగడదుంపలు నిల్వ చేసుకున్న పాతర్ల గుర్తులు. 2014లో ఇలాంటి 14 కొండల యాజమాన్యాన్ని ప్రభుత్వం ఇక్కడి మావోరి తెగలకు తిరిగి ఇచ్చింది. ఇప్పుడు శిఖరం దాకా కార్లు పోనివ్వరు, నడవాల్సిందే.

పైన నిలబడి ఉండగా మా చెల్లెలి కూతురు, "పెద్దమ్మా, మా బళ్ళో నన్ను నేను ఎలా పరిచయం చేసుకుంటానో చెప్పనా?" అంది. మావోరి భాషలో గబగబా నాలుగు వాక్యాలు చెప్పి, తర్వాత తెలుగులో వివరించింది. ముందు నా కొండ ఇది అనాలి, తర్వాత నా నది ఇది అనాలి, ఆ తర్వాత నా వాళ్ళు ఫలానా అనాలి, పేరు అన్నిటికంటే చివర. అక్కడి చాలా బడుల్లో పిల్లలకు ఇది నేర్పిస్తున్నారు. "నేను ఇంద్రకీలాద్రి, కృష్ణానది అని చెప్తా. అమ్మ చెప్పింది" అంది. మన పూజల్లో సంకల్పం చెప్పేటప్పుడు "కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" అని నిలబడ్డ చోటు చెప్పి, గోత్రం చెప్పి, ఆ తర్వాతే పేరు చెప్పుకుంటామని నాకు అప్పుడు స్ఫురించింది. మనం పూజ గదిలో దాచుకున్నదాన్ని వీళ్ళు సభల్లో, బళ్ళలో, ఆఫీసుల్లో రోజూ చెప్పుకుంటున్నారు.

రెండో రోజు: వైతాంగి

ఆక్లాండ్ నుంచి ఉత్తరంగా మూడు గంటలకు పైగా ప్రయాణం. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాణి తరఫున విలియం హాబ్సన్, మావోరి నాయకులు వైతాంగి ఒప్పందం మీద సంతకాలు చేసింది ఇక్కడి పచ్చిక మీదే. మొదట సంతకం చేసింది హోనె హెకె. ఆ రోజు నలభై మందికి పైగా, తర్వాత కొద్ది నెలల్లో దేశమంతా తిప్పితే మొత్తం 500 మందికి పైగా నాయకులు చేశారు. చిక్కంతా రెండు ప్రతుల్లో ఉంది. ఇంగ్లీషు ప్రతి ప్రకారం సార్వభౌమాధికారం మొత్తం రాణికి పోయింది. మావోరి ప్రతి ప్రకారం రాణికి దక్కింది పరిపాలన మాత్రమే, తమ భూముల మీద, ఊళ్ళ మీద పెత్తనం తమదే. ఎక్కువమంది సంతకాలు పెట్టింది మావోరి ప్రతి మీద. ఆ తర్వాత యుద్ధాలు, భూముల స్వాధీనాలు. ఒప్పందాన్ని ఉల్లంఘించారన్న ఫిర్యాదులు వినడానికి 1975లో వైతాంగి ట్రిబ్యునల్ పెట్టారు, అది ఇప్పటికీ పనిచేస్తోంది.

మైదానం చివర ఒక పాక కింద ఉన్న యుద్ధపడవ దగ్గరే మేం ఎక్కువసేపు ఉన్నాం. పేరు ఙాతోకిమతఫావోరువా. ఒప్పందానికి నూరేళ్ళయిన సందర్భంగా 1940 కోసం కౌరి చెట్ల మానులతో చెక్కారు. 35 మీటర్లకు పైగా పొడవు. నీళ్ళలో అదుపులో ఉండాలంటే కనీసం 76 మంది తెడ్లు వెయ్యాలి. పక్కనే నరికిన చెట్టు మోడు కూడా ఉంచారు. ఆ మోడు చుట్టూ తిరిగితే ఎంత చెట్టును పడగొట్టారో అర్థమవుతుంది.

మూడో రోజు: వైపోవా అడవి

అలాంటి చెట్టు బతికి ఉండగా ఎలా ఉంటుందో చూడాలని, తిరుగు ప్రయాణం పడమటి తీరం మీదుగా పెట్టుకున్నాం. అడవి మొదట్లోనే బూట్లు రుద్దుకుని, మందు చల్లుకుని వెళ్ళే గేటు ఉంటుంది. మట్టితో అంటుకునే ఒక తెగులు కౌరి చెట్లను వేళ్ళ దగ్గరే చంపేస్తోంది, దానికి మందు లేదు. కొద్ది నిమిషాలు చెక్కబాట మీద నడిచి మలుపు తిరిగితే తానె మహుతా. 51 మీటర్ల ఎత్తు, దాదాపు 14 మీటర్ల చుట్టుకొలత. తొలి కొమ్మ వరకూ నునుపైన బూడిదరంగు మాను. ఎవరూ చెప్పకుండానే అందరి గొంతులూ తగ్గిపోయాయి.

తానె అంటే అడవులకు దేవుడు. ఆకాశ తండ్రి రంగి, నేలతల్లి పాపా ఒకరినొకరు గట్టిగా హత్తుకుని ఉండడంతో వాళ్ళ పిల్లలు చీకట్లో మగ్గిపోయారట. తానె తలకిందులుగా పడుకుని, కాళ్ళతో తండ్రిని పైకి తన్ని విడదీశాడట. అప్పుడు లోకంలోకి వెలుగొచ్చింది. వాన అంటే ఇప్పటికీ ఆ తండ్రి కన్నీళ్ళు. ఆ చెట్టు కింద నిలబడి ఈ కథ వింటే నమ్మబుద్ధి అవుతుంది.

నాలుగో రోజు: వైతోమో గుహలు

ఆక్లాండ్ నుంచి దక్షిణంగా రెండున్నర గంటలు. సున్నపురాయి గుహల్లో పడవ ఎక్కించి, దీపాలన్నీ ఆపేసి, తాడు పట్టుకుని లాక్కుంటూ చీకట్లోకి తీసుకెళ్ళారు. తల పైకెత్తితే గుహ కప్పంతా నీలిపచ్చ చుక్కలు, వెలుగు చిమ్మే పురుగులవి. ఫొటోలు తీయనివ్వరు. ఆ నిషేధం వల్ల అందరూ కళ్ళతో చూస్తున్నారు.

పడవ ఎక్కే ముందు ఒక చోట ఆ పురుగుల్ని దగ్గర నుంచి చూపించారు. గైడు చిన్న లైటు పక్కగా వేస్తే, రాతి నుంచి వేలాడుతున్న పట్టు దారాలు కనిపించాయి. ఒక్కో దారానికి వరసగా జిగురు బొట్లు. పైన అగ్గిపుల్ల అంత లార్వా. దాని తోక వైపు వెలుగు చూసి చిన్న ఈగలు ఎగిరొచ్చి దారానికి అంటుకుంటే, దారాన్ని నోటితో పైకి లాక్కుని తింటుంది. ఆకలి ఎక్కువైతే వెలుగూ ఎక్కువవుతుందట. లార్వాగా దాదాపు తొమ్మిది నెలలు. ఆపైన రెక్కలొచ్చి బతికేది కొద్ది రోజులే, అప్పుడు దానికి తినడానికి నోరు కూడా ఉండదు.

ఈ గుహలను 1887లో ఇక్కడి నాయకుడు తానె తినోరౌ, ఫ్రెడ్ మేస్ అనే సర్వేయరు కలిసి గడ్డి తెప్ప మీద లోపలికి వెళ్ళి పరిశీలించారు. తినోరౌ తన భార్యతో కలిసి పర్యాటకులకు గుహ చూపించేవాడు. 1906లో ప్రభుత్వం తీసేసుకుంది. 1989లో తిరిగి వాళ్ళ వారసులకే అప్పగించింది. ఇప్పుడు గైడుగా వచ్చేవాళ్ళలో చాలామంది ఆ వంశం వాళ్ళే.

ఐదో రోజు: రోటోరువా, ఫకరెవరెవ ఊరు

రోటోరువా పొలిమేరల్లోనే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. భూమిలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. గంటలో ముక్కు అలవాటు పడిపోతుంది. పార్కుల్లో, ఇళ్ళ పెరళ్ళలో, రోడ్డు పక్క కాలవల్లో ఆవిరి లేస్తూ ఉంటుంది.

ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఫకరెవరెవ. ఇది ఎగ్జిబిషన్ కాదు, మనుషులు కాపురం ఉంటున్న ఊరు. వంతెన దాటి లోపలికి వెళ్తుంటే కింద వాగులో ఊరి పిల్లలు ఈత కొడుతూ, పైనుంచి వేసే నాణేలకు మునకలేస్తున్నారు. ఇది ఇక్కడ వందేళ్ళకు పైగా నడుస్తున్న ఆట. మాకు ఊరు చూపించినావిడ అక్కడే పుట్టి పెరిగింది. పరేకోహురు అనే పెద్ద వేడినీటి మడుగు దగ్గర ఆగి, గుడ్డసంచీలో మొక్కజొన్న పొత్తులు కట్టి నీళ్ళలోకి దించింది. మాటల్లో ఉండగానే ఉడికిపోయాయి. తీసి చేతికిస్తే పొత్తు తియ్యగా, చివర చిన్న ఖనిజపు రుచితో ఉంది. పక్కనే నేలలో చెక్కపెట్టెలు. కింద నుంచి ఆవిరి వస్తుంటుంది. మాంసం, చిలగడదుంప, గుమ్మడి అందులో పెట్టి మూత వేసి, ఎవరి పని మీద వాళ్ళు పోతారు. శాకాహారులకు విడిగా వండిస్తారు, ముందే చెప్పుకోవాలి.

సాయంత్రం పూట అదే మడుగు నీళ్ళను కాలవల్లోంచి తొట్లలోకి వదిలి, చల్లారనిచ్చి ఊరంతా స్నానాలు చేస్తారు. సమాధులు నేలకు పైన కట్టి ఉన్నాయి. తవ్వితే వేడి తగులుతుంది కాబట్టి వేరే దారి లేదు.

ఈ ఊళ్ళో ఇన్ని కుటుంబాలు ఎలా చేరాయో ఆవిడ చెప్పింది. వాళ్ళ పెద్దలు తరవెర కొండ దగ్గర తె వైరోవా అనే ఊళ్ళో ఉండేవాళ్ళు. అక్కడ వేడినీటి ఊటలు పేర్చిన గులాబి, తెలుపు సిలికా మెట్లను చూడడానికి యూరప్ నుంచి ఓడలెక్కి వచ్చేవాళ్ళు. సోఫియా హినెరంగి అనే గైడుకి దూరదేశాల్లో కూడా పేరుండేది. 1886 జూన్ 10 తెల్లవారుజామున తరవెర పేలింది. దాదాపు 120 మంది చనిపోయారు, ఊళ్ళు బురద కింద కూరుకుపోయాయి, మెట్లు మాయమయ్యాయి. సోఫియా ఇంటి కప్పు ఏటవాలుగా ఉండడంతో నిలబడింది. అందులో తలదాచుకున్న పదుల మంది బతికారు. అన్నీ పోయిన తుహౌరంగి తెగవాళ్ళకు ఫకరెవరెవ వాళ్ళు చోటిచ్చారు. సోఫియా ఇక్కడ మళ్ళీ గైడు పని మొదలుపెట్టింది. మాతో మాట్లాడుతున్నావిడ ఆ వరసలో మనిషి. "మాకు వచ్చినవాళ్ళకు ఊరు చూపించడం ఉద్యోగం కాదు, ఇంటి పని" అంది.

ఆరో రోజు: తె పుయా

పక్కనే తె పుయా, వేడినీటి ఊటలూ మావోరి కళల సంస్థా ఉన్న చోటు. ఇక్కడి పోహుతు గీజర్, అంటే నేలలోంచి వేడినీళ్ళు చిమ్మే ఊట, గంటకు ఒకటి రెండుసార్లు 30 మీటర్ల దాకా ఎగజిమ్ముతుంది. 1980ల్లో ఊళ్ళో ఇంటికో బోరు వేసి వేడినీళ్ళు తోడేస్తుంటే గీజర్లు నీరసించిపోయాయి. 1986 తర్వాత ప్రభుత్వం పోహుతుకి 1.5 కిలోమీటర్ల లోపు బోర్లన్నీ మూయించింది. నీటిమట్టం మళ్ళీ లేచింది. బోర్ల ఊళ్ళ నుంచి వచ్చిన మాకు ఈ కథ బాగా పట్టింది.

సాయంత్రం పోఫిరి, అంటే అతిథి స్వాగతం. మా గుంపుకి నాయకుడిగా మా మరిదిని ఎంచుకున్నారు. నవ్వకూడదని ముందే చెప్పారు. బల్లెం పట్టుకున్న యోధుడు కళ్ళు పెద్దవి చేసి, నాలుక చాపి, అడుగులు తడుముతూ వచ్చి ఒక ఆకును నేలమీద పెట్టి వెనక్కి తగ్గాడు. చూపు తిప్పకుండా ఆ ఆకు తీసుకుంటే శాంతితో వచ్చామని అర్థం. అప్పుడు లోపలి నుంచి ఒకావిడ గొంతెత్తి పిలుస్తుంది. ఆ పిలుపు మనకే కాదు, మన వెంట వచ్చిన మన పూర్వీకులకు కూడా. ఒళ్ళు గగుర్పొడిచింది.

సభా మందిరంలోకి చెప్పులు విప్పి వెళ్ళాలి. అది ఒక పూర్వీకుడి శరీరం. కప్పు మీది బొమ్మ తల, ముందుకు వాలిన పలకలు చాచిన చేతులు, నడిమి దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. గోడల వెంట చెక్కిన ఒక్కో స్తంభం ఒక్కో ముత్తాత. లోపల కూర్చుంటే ఆయన ఒళ్ళో కూర్చున్నట్టే. మాటలు అయ్యాక ముక్కూ నుదురూ ఆనించి ఊపిరి పంచుకునే హోంగి.

ఇక్కడే చెక్కడం, నేత నేర్పే బడులున్నాయి. 1963లో చట్టం చేసి ఈ సంస్థను పెట్టారు. ఒక అమ్మాయి హరకెకె అనే నార మొక్క పొడుగాటి ఆకుని మడిచి, ఆల్చిప్ప అంచుతో గట్టిగా గీరుతోంది. పచ్చని పొట్టు ఊడిపోయి తెల్లని నార మిగిలింది. ఆ నారను పిక్క మీద పెట్టి అరచేత్తో పురి వేసింది. గుడి కోసం ఒత్తులు చేసే మా అమ్మమ్మ చేతులు అలాగే ఆడేవి.

ఏడో రోజు: తౌపో

దారిలో హుకా జలపాతం దగ్గర ఆగాం. ఎత్తు 11 మీటర్లే గాని, సెకనుకు రెండు లక్షల లీటర్లకు పైగా నీళ్ళు ఇరుకు రాతి కాలవలోంచి తోసుకొస్తాయి. ఇది దేశంలోకెల్లా పొడవైన వైకాతో నది. తౌపో సరస్సు 616 చదరపు కిలోమీటర్లు, అదంతా ఒక మహా అగ్నిపర్వతం నోరు. పడవలో వెళ్ళి కొండరాతి మీద చెక్కిన ఙాతోరోయిరంగి ముఖం చూశాం. తొలి పడవల్లో వచ్చిన పూజారి ఆయన. బొమ్మ పాతది కాదు, మతాహి బ్రైట్‌వెల్ అనే శిల్పి 1970ల చివర చెక్కాడు.

ఎనిమిదో రోజు: తోంగారిరో

ఇరవై కిలోమీటర్ల ఆల్పైన్ క్రాసింగ్ అనే కొండ నడక పిల్లతో కుదరదని, తారనాకి జలపాతం చుట్టూ రెండు గంటల నడక చేశాం. రువాపెహు శిఖరం మంచుతో, ఙౌరుహొయె శంకు ఆకారంలో ఎదురుగా నిలబడి ఉన్నాయి. తమ భూములు ముక్కలై అమ్ముడుపోతాయని గ్రహించిన నాయకుడు హొరోనుకు తె హెయుహెయు 1887లో ఈ శిఖరాలను దేశానికి అప్పగించాడు. అలా న్యూజిలాండ్ మొదటి జాతీయోద్యానం పుట్టింది. 1993లో, సంస్కృతితో ముడిపడిన ప్రకృతి దృశ్యంగా యునెస్కో గుర్తించిన మొదటి స్థలం కూడా ఇదే. శిఖరాలు ఎక్కవద్దని, సరస్సుల నీళ్ళు ముట్టవద్దని తెగవాళ్ళు కోరతారు. చాలామంది పాటిస్తున్నారు.

ఈ కొండలన్నీ ఒకప్పుడు పక్కపక్కనే ఉండేవట. పిహంగ అనే కొండకన్య కోసం కొట్లాడుకున్నాయట. ఓడిపోయిన తారనాకి దుఃఖంతో పడమటికి నడిచిపోయింది. అది నేలను చీల్చుకుంటూ పోయిన దారే వాంగనుయి నది. మరుసటి రోజు మేం ఆ నది వెంటే వెళ్ళాం.

తొమ్మిదో రోజు: వాంగనుయి

పట్నంలో పెద్దగా చూడడానికి ఏమీ లేదు. ఒడ్డున కూర్చుని నదిని చూశాం. 290 కిలోమీటర్ల ఈ నదికి 2017 మార్చిలో పార్లమెంటు మనిషికి ఉన్నట్టే చట్టబద్ధ హక్కులిచ్చింది. నది తరఫున మాట్లాడడానికి ఇద్దరు ప్రతినిధులు, ఒకరు తెగల నుంచి, ఒకరు ప్రభుత్వం నుంచి. "నేనే నది, నదే నేను" అన్నది ఇక్కడివాళ్ళ సామెత. ఆ మాట చట్టంలోకి ఎక్కడానికి వాళ్ళు నూరేళ్ళకు పైగా పోరాడారు. అదే నెలలో ఉత్తరాఖండ్ హైకోర్టు ఈ నదిని ఉదాహరణగా తీసుకుని గంగా యమునలను ప్రాణమున్న వ్యక్తులుగా ప్రకటించింది. కొద్ది నెలలకే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2025 జనవరిలో తారనాకి కొండకు కూడా ఇక్కడ అదే హోదా వచ్చింది. గంగమ్మ అని దండం పెట్టే మనం ఆ నీళ్ళలోకి మురుగు వదులుతున్నాం. వీళ్ళు మాత్రం చుట్టరికాన్ని చట్టం దాకా తీసుకెళ్ళారు. నాకు బాధా, ఆశా రెండూ కలిగాయి.

పదో రోజు: వెల్లింగ్టన్

గాలి నగరం. 1865 నుంచి రాజధాని. 1902 నాటి కేబుల్ కారు ఎక్కి కొండ మీది తోట, కింద ఓడరేవు చూశాం. పార్లమెంటు ముందు మా మరిది ఆగి, "వీడియో గుర్తుందా?" అన్నాడు. 2024 నవంబరులో హనా-రాఫితి మైపి-క్లార్క్ అనే యువ ఎంపీ, వైతాంగి ఒప్పందాన్ని పలచన చేసే బిల్లు ప్రతిని సభలోనే చించి హాకా అనే మావోరి నృత్యం అందుకున్న వీడియో మన ఫోన్లలోకి కూడా వచ్చింది. ఆ బిల్లు 2025 ఏప్రిల్‌లో 112–11 ఓట్లతో వీగిపోయింది. అసలు ఒప్పందపు కాగితాలు దగ్గర్లోనే, నేషనల్ లైబ్రరీలో, మసక వెలుతురు గదిలో ఉన్నాయి. కొన్నిటి అంచులు ఎలకలు కొరికేశాయి. సంతకాల బదులు కొందరు తమ ముఖం మీది పచ్చబొట్టు గీతలనే గీశారు.

మిగతా రోజంతా తె పాపా మ్యూజియంలో. తమిళ అక్షరాలున్న ఒక ఓడ గంట కూడా ఈ మ్యూజియం సొత్తే. 1836 ప్రాంతంలో మావోరీలు దాన్ని వంటగిన్నెగా వాడుతుంటే ఒక మిషనరీ చూశాడు. ఏ ఓడది, ఎలా చేరిందన్నది ఎవరికీ అంతుపట్టలేదు.

మమ్మల్ని కదలనివ్వనిది తె హౌ కి తూరంగ. 1840ల్లో రహరుహి రుకుపో అనే మహాశిల్పి తన అన్న జ్ఞాపకంగా చెక్కించిన సభా మందిరం. స్తంభాల మీద ఖాళీ అంగుళం లేకుండా చెక్కడం. అరిగిన చోట్ల చేతులు తగిలిన నునుపు కనిపిస్తుంది. 1867లో ప్రభుత్వం వాళ్ళు దాన్ని విప్పి ఓడలో పట్టుకొచ్చేశారు. రుకుపో తిరిగి ఇమ్మని అర్జీ పెట్టుకున్నాడు, వినలేదు. 2012 చట్టంతో అది మళ్ళీ రొంగోఫకాత తెగ సొంతమైంది.

మీరు వెళ్ళేట్టయితే ఆక్లాండ్‌కి ఒక రోజు చాలు. రోటోరువాకి మూడు రాత్రులకు తగ్గించకండి. ఇంకో వారం సెలవు దొరికితే రుకుపో పుట్టిన తూర్పు తీరం, గిస్బర్న్ వైపు వెళ్ళండి. అక్కడ పర్యాటకుల కోసం కట్టినవి కాని, ఊరివాళ్ళు వాడుకునే సభా మందిరాలు దారి పొడవునా ఉంటాయి. ఆహ్వానం లేకుండా లోపలికి వెళ్ళకూడదు. గేటు దగ్గర ఆగి ఎవరినైనా అడగాలి.